వ్యానుకు గంగడోలు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక. వ్యాఖ్యాతల్లో మనవాడు, మెతుకుసీమ కొల్చారం మల్లినాథ సూరి ఒక ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. అందులో మొదటి సగాన్ని ఈ టీక పాటిస్తుంది. రెండో సగం గతి చదువరులకే తెలుస్తుంది. ఇక్కడ మూలం, బ్రిటన్‌లో వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ వారు వేల్స్‌లోని స్వాన్సీ నుంచి వెలువరించిన సూత్రపాఠం. సరుకుల వ్యాను కొని, లోపల పడక, పొయ్యి, బల్ల అమర్చుకుని సంచారానికి బయల్దేరేవాళ్లు ఆ దేశంలో చాలామంది. వాళ్లు తమ వీ5సీ రిజిస్ట్రేషన్ పత్రంలో ‘ప్యానెల్ వ్యాన్’ అన్న మాట తీసేసి ‘మోటార్ క్యారవాన్’ అని రాయమంటే, రాయాలో వద్దో తేల్చేవి ఈ సూత్రాలు. మన గూడు బండికి ఎద్దులు విప్పి ఇంజను కడితే వచ్చేది అదే కనుక, దాన్ని గూడు వ్యాను అందాం. శాస్త్రాలు ‘అథ’ అని మొదలవుతాయి. ‘ఆ తరువాత’ అని దానికి అర్థం. దేని తరువాత అన్నదాని మీద శంకరులంతటివారు పుటలు నింపారు. స్వాన్సీ సూత్రాల్లో ఆ శబ్దం కనపడదు గానీ, అధ్యాహారం చేసుకోక తప్పదు: ప్లైవుడ్ కోయించి, కిటికీలు పెట్టించి, దాచుకున్న డబ్బు వదిలించుకుని, ఫొటోలు తీసి పంపి, ఆ తరువాత తీర్పు వినాలి.

ఆంతర ప్రకరణం. లోపల ఉండవలసినవి నాలుగు: కూర్చునే సీట్లతో ఒక బల్ల, పడక, పొయ్యి, అల్మారా. బల్ల అనగా బల్ల. పడక సుగమం. నాలుగింటికీ నాలుగు సార్లూ సూత్రకారుడు ఒకే మాట అంటాడు: బోల్టుతో గానీ, రివెట్టుతో గానీ, స్క్రూతో గానీ, వెల్డింగుతో గానీ శాశ్వతంగా బిగించి ఉండాలి. ఇది పునరుక్తి దోషం కదా అంటే, కాదు. ఒక గ్రంథం తాత్పర్యం ఎక్కడుందో పట్టడానికి మీమాంసకులు చెప్పిన ఆరు గుర్తుల్లో అభ్యాసం ఒకటి. పదేపదే చెప్పిందే గ్రంథకర్త గుండెలో ఉన్నది. బ్రేకు వేసినప్పుడు అల్మారా వచ్చి డ్రైవరు వీపున పడకూడదన్నది ఆ తాత్పర్యం, దానికి అభ్యంతరం చెప్పేవాడు ఎవడూ లేడు. పొయ్యి విషయంలో ఒక్క బర్నరైనా చాలు, మైక్రోవేవైనా చాలు అన్నాడు. యజ్ఞంలో వడ్లైనా సరే యవలైనా సరే అన్నట్టు ఇది వికల్పం. గ్యాసు పొయ్యి అయితే సిలిండరు, గొట్టం కూడా బిగించి ఉండాలి. ఇంతవరకూ శాస్త్రం నిర్దుష్టం. ఒక్క లోటుంది. తలుపులు మూసుకుని పడుకున్న చోట పొయ్యి సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది వచ్చిందని చెప్పే అలారం ఖరీదైనదేమీ కాదు. సూత్రపాఠంలో దాని ఊసు లేదు. చారలకు చోటు దొరికిన జాబితాలో ప్రాణానికి దొరకలేదు. ఏ చారలంటారా, వస్తున్నా.

బాహ్య ప్రకరణం. ఇక్కడ సూత్రకారుడు వ్యాను దిగి, రోడ్డు అవతల నిలబడతాడు. ట్రాఫిక్‌లో పోతుండగా చూసినవాడికి అది గూడు వ్యానని తెలిసిపోవాలంటాడు. తెలియడానికి గుర్తులు: కనీసం ఒక పక్కన రెండు కిటికీలు, నివాస భాగానికి వేరే తలుపు, పందిరి గుడ్డ కట్టుకునే కమ్మీ, అంటే ఆనింగ్ బార్, ఎత్తైన కప్పు, రెండు పక్కలా గూడు వ్యాన్ల తరహా బొమ్మలు. కిటికీ గురించి చెప్పేదేం లేదు. ఆనింగ్ బార్ దగ్గర మాత్రం ఆగాలి. ఆవుకు లక్షణం చెప్పమంటే నైయాయికులు ‘గంగడోలు గలది’ అంటారు. మెడ కింద వేలాడే ఆ తోలు ఆవుకు ఏం ఒరగబెడుతుందన్నది వాళ్లకు అక్కర్లేదు. ఆవులన్నిటికీ ఉండాలి, ఆవు కానిదానికి ఉండకూడదు, అంతే. కపిలవర్ణం అంటే నల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు అంటే గేదె దూరుతుంది, అది అతివ్యాప్తి. చీలని గిట్ట అంటే ఒక్క ఆవూ మిగలదు, అది అసంభవం. తరతరాలుగా పిల్లలకు తర్కం మొదటి పాఠంగా చెబుతూ వచ్చిన ఈ మూడు దోషాలు చాలు, ఏ కార్యాలయం జాబితానైనా తూచడానికి. పందిరి కమ్మీ లేకుండా హాయిగా తిరిగే గూడు వ్యాన్లున్నాయి: అవ్యాప్తి. సంతలో కాఫీ అమ్మే వ్యానుకూ పందిరి ఉంటుంది: అతివ్యాప్తి. కిటికీలంటే మినీ బస్సు దూరుతుంది, ఎత్తు కప్పంటే సరుకుల వ్యానే దూరుతుంది. అన్నీ కలిపి లక్షణమంటారా, అప్పుడు అవ్యాప్తి తగ్గదు సరికదా ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద తేడా వేరే ఉంది. ఆవుకు గంగడోలు పుట్టుకతో వస్తుంది, దుకాణంలో దొరకదు. ఈ గంగడోలు దొరుకుతుంది. గేదె మెడకు కట్టి ఆవంటే పత్రం మీద ఆవవుతుంది. నిజమైన ఆవును తెచ్చి ఎదురుగా పాలు పిండి చూపినా, మెడ నున్నగా ఉంటే ఫొటో తిప్పి పంపేస్తారు.

ఇక బొమ్మలు, అంటే ఇందాకటి చారలు. గూడు వ్యాన్ల తరహా బొమ్మలు అంటే ఏవి? గూడు వ్యాన్ల మీద ఉండేవి. గూడు వ్యాను అంటే ఏది? ఆ బొమ్మలు ఉన్నది. దీన్ని అన్యోన్యాశ్రయం అంటారు. ఇద్దరు అప్పులవాళ్లు ఒకరికొకరు హామీ సంతకం పెట్టుకోవడం లాంటిది. ఈ సందర్భంలో, జైమిని మీమాంసా సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామిని తలచుకోకపోతే పాపం. సోమయాగంలో సదస్సు అనే మండపం నడుమ ఒక మేడి రాటను పాతుతారు, పేరు ఔదుంబరి. దాన్ని తాకి సామం పాడాలని శ్రుతి. ఆ రాటకు పూర్తిగా వస్త్రం చుట్టాలని స్మృతి. పూర్తిగా చుడితే తాకేదెలా? రెండింటికీ పొసగనప్పుడు శ్రుతిదే గెలుపు అని జైమిని. మరి ఆ స్మృతి ఎక్కడ పుట్టింది? ఇక్కడ శబరుడు మొహమాటం లేకుండా అనేశాడు: ఆ వస్త్రం మీద ఆశపడ్డ ఎవరో పుట్టించి ఉంటారని! తరువాతి మీమాంసకుడు కుమారిల భట్టుకు ఈ మాట నచ్చలేదు. కాస్త చోటు వదిలి చుడితే తాకడానికి అడ్డేమిటని స్మృతి పక్షాన వాదించాడు. ఇద్దరిలో ఎవరిది సబబన్నది తేలడానికి పండితులకు ఇంకా తీరిక ఉంది. మేడి అనగానే తెలుగువాడికి పండు, ఆ వెంటనే విప్పి చూడటం గుర్తొస్తాయి గానీ, ఆ దారి పట్టను. చెప్పొచ్చేదేమిటంటే, రాటకు వస్త్రం లాంటిదే వ్యానుకు వినైల్ స్టిక్కరు. ఇక్కడా ఒక శ్రుతి ఉంది. 1980ల నాటి బ్రిటిష్ మోటారు నిబంధనల్లోనే మోటార్ క్యారవాన్‌కు నిర్వచనం ఉంది: మనుషులు, వాళ్ల సామాను ప్రయాణించేలా తయారైన, లేదా మార్చిన బండి, అందులో కదిలే నివాసానికి సబబుగా కావలసిన సదుపాయాలు శాశ్వతంగా అమర్చి ఉండాలి. అంతా లోపలి సంగతే. చార లేదు, పందిరి లేదు. జాబితా దాని మీద చుట్టిన గుడ్డ. ఎవరి ఆశ వల్ల చుట్టారని శబరుడిలా అనుమానించను. స్టిక్కర్లు అమ్మేవారు మాత్రం సుఖంగా ఉన్నారు.

పూర్వపక్షం. పోలీసులు బండిని గుర్తుపట్టాలి, కాబట్టి పత్రంలో రాసిందీ రోడ్డు మీద కనపడేదీ ఒకటిగా ఉండాలి అంటారు. ఈ వాదంలో పస లేకపోలేదు. దొంగిలించిన బండిని వెదికేవాడికి ‘క్యారవాన్’ అని చెప్పి తెల్లటి సరుకుల వ్యానును వెదకమంటే వెర్రిబాగులవాడవుతాడు. కానీ బండిని బండి నుంచి వేరుచేసేది నంబరు ప్లేటు. అదే బండి ప్రమాదంలో బోల్తాపడితే, లోపల గ్యాసు సిలిండరు ఉందని, మనిషి నిద్రలో ఉండొచ్చని రక్షించడానికి వచ్చినవాడికి ఏ మాట చెబుతుంది, ‘ప్యానెల్ వ్యాన్’ అన్న మాటా? గుర్తుపట్టడం అంటే దూరం నుంచి రంగు చూడటమే అయితే, దగ్గరికెళ్లి చేసే పనికి ఆ గుర్తు పనికిరాదు. పోనీ, పేరులో ఏముంది, వ్యాను అనే ఉండనివ్వు, నీ పడక నువ్వు పడుకో అంటారా? పేరులో గంటకు పది మైళ్లున్నాయి. మధ్యలో విభజన లేని రోడ్డు మీద సరుకుల వ్యానుకు పరిమితి 50. ఖాళీ బరువు 3.05 టన్నులు దాటని మోటార్ క్యారవాన్‌కు 60. విభజన ఉన్న రోడ్డు మీద ఒకదానికి 60, రెండోదానికి 70. లోపల పడక ఉన్నా పత్రం వ్యాను అంటుంటే, ఆ పది మైళ్ల కోసం వాదించుకోవలసిన భారం యజమానిదే. మన దగ్గరికన్నా నయం కదా అని ఇంకో ఆక్షేపణ రావచ్చు. వస్తుంది కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంది. మన దగ్గర గంగడోలు తగాదా లేదు. ఏ కొట్టంలో పుట్టిన పశువు ఆ కొట్టంలోనే ఉండాలి. కఠినమే, కానీ పడక చేయించి, పొయ్యి పెట్టించి, అంతా అయ్యాక ‘బొమ్మలేవి?’ అని అడగదు.

శేషం. కప్పు గురించిన సూత్రానికి ఒక నిషేధం తోక ఉంది: ఎత్తైన కప్పు కావాలి, పైకి లేచే కప్పు లెక్కకు రాదు. ఫోక్స్‌వ్యాగన్ పాత క్యాంపరు బొమ్మ చూసినవారెవరికైనా గుర్తుండేది, గుడారంలా ఏటవాలుగా లేచిన ఆ కప్పే. పసిపిల్లలు సైతం గుర్తుపట్టే గుర్తును, గుర్తు కోసమే రాసిన జాబితా తోసేసింది. కారణం ఊహించడం కష్టం కాదు: బండి నడిచేటప్పుడు ఆ కప్పు మూసి ఉంటుంది, ట్రాఫిక్‌లో కనపడదు. అది లేచేది బండి ఆగాక, పొద్దువాలాక, లోపల పక్క పరిచేవేళ. అప్పుడు చూసి గుర్తుపట్టేవాడు రోడ్డు మీద ఉండడు. ఉన్నా, చీకట్లో చారలు కనపడవు.