పిన్నుల మావయ్య

ప్రతి బంధువర్గంలోనూ ఒక పిన్నుల మావయ్య ఉంటాడు. చదివింపుల కవరైనా ఇంట్లో మర్చిపోయి వస్తాడేమో గానీ, వైర్ల సంచి మాత్రం మర్చిపోడు.

ఆ సంచిలో లేని పిన్ను లేదు. సెల్‌ఫోన్‌కి పెట్టే 3.5 మిల్లీమీటర్ల సన్న పిన్ను, మిక్సర్‌కి పెట్టే 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను, ఎరుపు తెలుపు ఆర్‌సీఏ జత, మూడు కాళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్. సగం కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నవి, మిగతా సగం ఏ ఫంక్షన్‌లో ఎవరివి వచ్చి చేరాయో ఆయనకే గుర్తులేదు. 2016లో ఐఫోన్ 7 చెవి రంధ్రం పూడ్చేశాక డాంగిల్స్ కూడా చేరి సంచి ఇంకాస్త బరువెక్కింది. లావు పిన్ను తీసి చూపిస్తూ, "ఇది పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది, తెలుసా?" అంటాడు. ఆ మాట నిజమే. చిక్కంతా ఆ తర్వాతి మాటతోనే: "పిన్ను పట్టిందంటే పాట వచ్చినట్టే."

పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చింది కదా, ఇక జాతకాలెందుకన్నట్టు ఉంటుంది ఆయన వరస.

మొన్నొక షష్టిపూర్తికి సౌండ్ కుర్రాడు వద్దంటున్నా వినకుండా, ఒకవైపు సన్న పిన్ను, ఇంకోవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ తీసి ఫోన్‌ని మిక్సర్‌కి తగిలించాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ పెడుతున్నాలేవోయ్!" పెళ్లికొడుకైన పెద్దాయన కోరిక మీద ఘంటసాల పాట పెట్టారు. బావి అడుగునుంచి వచ్చినట్టు ఏదో సన్నని చప్పుడు, అంతే. "పాత రికార్డింగు కదా" అని మావయ్య కొత్త సినిమా పాట మార్చాడు. వయొలిన్లు వచ్చాయి, డప్పులు అదిరిపోయాయి. పాడేవాడు మాత్రం లేడు.

జరిగింది ఇది. సన్న పిన్ను కొనలో ఎడమ చానల్, నడుమ రింగులో కుడి చానల్ ఉంటాయి. మిక్సర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌కి కుడి ఎడమలు తెలియవు. రెండో కాలి మీద వచ్చినదాంట్లోంచి మూడో కాలి మీద వచ్చినదాన్ని తీసేయడమే దాని పని. పొడుగాటి వైరు దారిలో పట్టుకొచ్చిన గోల రెండు కాళ్ల మీదా ఒకేలా ఉంటుంది కాబట్టి అలా కొట్టుకుపోతుంది. మావయ్య కేబుల్ ఎడమను ఒక కాలికి, కుడిని ఇంకో కాలికి కట్టింది. గాయకుడి గొంతు మామూలుగా రెండు చానళ్లలోనూ సమానంగానే ఉంటుంది గనక, మిక్సర్ దాన్నీ గోల కింద జమకట్టి తుడిచేసింది. పాత మోనో పాటలో రెండు వైపులా ఉన్నది ఒకటే. అందుకే మొత్తం పాటే హరీ.

మావయ్య ఊరుకుంటాడా? ఫోన్ సెట్టింగుల్లోకెళ్లి 'మోనో' నొక్కాడు. దాంతో వయొలిన్లు కూడా పోయాయి. హాలంతా నిశ్శబ్దం. పంతులుగారు తల తిప్పి చూశారు. చివరికి ఆ కుర్రాడే ఫోన్ అందుకుని, మోనో తీసేసి, బ్యాలెన్స్ గీతను పూర్తిగా ఎడమకి జరిపాడు. గాయకుడు తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం ఫొటోల స్లైడ్ షో కోసం ల్యాప్‌టాప్ వంతు. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో 'మ్‌మ్‌' అని హమ్మింగ్. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ వచ్చి, మధ్యలో ఆడియో వైరు కలిసి చుట్టు పూర్తయితే వచ్చే రొద అది. చార్జర్ పీకేస్తే ఆగిపోయింది. మావయ్యకి మాత్రం చార్జర్ ప్లగ్గుకున్న ఆ మూడో పిన్నునే, అంటే ఎర్త్ పిన్నునే, కత్తిరించేద్దామన్న ఆలోచన వచ్చింది. షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే. కుర్రాడు కత్తెర లాక్కున్నాడు గనక సరిపోయింది.

భోజనాల దగ్గర ఆయన తీర్పు: "పాట డౌన్‌లోడ్ చేసిన ఫైలే బాగాలేదర్రా."

మీ ఇంట్లో శుభకార్యం ఉంటే, ఫోన్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి ఈ రెండు చిక్కులూ తప్పించే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండే స్టీరియో డీఐ బాక్స్ ఒకటి తెమ్మని సౌండ్ వాళ్లకి ముందురోజే చెప్పండి. మావయ్యని వడ్డన దగ్గర నిలబెట్టండి. సంచి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.