కొమ్ములోడి సంగతి, దాంతోపాటు మిగతా శాఖల వివరాలు

మ్యూనిక్,
డిసెంబర్ రెండో వారం

అమ్మా,

నువ్వు పంపిన వీడియో చూసిన. దాని కింద పెట్టిన వాయిస్ మెసేజ్‌లు గూడ అన్నీ విన్న. “మీ దిక్కు డిసెంబర్ల కొమ్ముల దయ్యం తిరుగుతదంట, మాట వినని పిల్లలను గంపల వేసుకొని పోతదంట, బంటిగాన్ని జర బయటికి పంపకు బిడ్డా” అని ఏడుపు గొంతుతోని చెప్పినవు. అంతటితో ఊకోలేదని అక్క ఫోన్ చేసి చెప్పింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనల, పెద్దమ్మ మోకాలి ఆపరేషన్‌కూ ఎవరిదో బోరుల నీళ్లు పడాలన్న మనవికీ నడుమ, “జర్మనీల దయ్యం నుంచి మనుమనికి కాపుదల” అని పాస్టరుగారు మైకుల చదివిండ్రంట. ఇగ నేను ఇబ్రహీంపట్నం బస్టాండ్ల ఏ మొఖం పెట్టుకొని దిగాలె?

అందుకే ఉత్తరం రాస్తున్న. ఫోన్ల చెప్తే నడుమల కుక్కర్ విజిలొస్తది, బాపు వచ్చి “అక్కడ చలి ఎంత” అంటడు, అసలు ముచ్చట పక్కకు పోతది. కాగితం మీద ఉంటే పాస్టరుగారికి గూడ చూపెట్టొచ్చు.

ముందుగాల చిన్న ప్రశ్నలు ఒడగొడ్త. చలి మైనస్‌ల ఉన్నది, ఇంట్ల మాత్రం స్వెటర్ అక్కర్లేదు. చిన్నదానికి పండ్లొస్తున్నయి, దొరికిందల్ల కొరుకుతున్నది. అల్లుడు బరువు తగ్గింది జిమ్ముకు పోయి, నేను అన్నం పెట్టక కాదు. పెద్దమ్మ కొడుక్కు ఇక్కడ ఉద్యోగం చూడుమన్నవు, ముందు జర్మన్ నేర్సుకోమను. పెద్ద చెరువుల నీళ్లు ఎంతున్నయో బాపును ఒక ఫోటో పంపుమను. అయిపోయినయి. ఇగ కొమ్ములోడు.

ఇది అర్థం కావాలంటే మొత్తం వ్యవస్థ తెలవాలె. ఇక్కడ పిల్లలకు క్రిస్మస్ బహుమతులు తెచ్చేది ఒక్కరు కాదు. మన దిక్కు మంచాలకు ఒక పోలీస్ స్టేషన్, యాచారానికి ఒక స్టేషన్ ఉన్నట్లే, ఎవరి హద్దు వాళ్లది, ఎవరి తారీఖు వాళ్లది. ఒకరి కేసు ఇంకొకరు ముట్టరు.

మొదటి ఆఫీసరు నికోలౌస్. నాలుగో శతాబ్దంల మైరా అనే ఊరికి బిషప్పు. ఆ ఊరు ఇప్పుడు టర్కీల ఉన్నది, దెమ్రె అంటరు. ఆయన పండుగ డిసెంబర్ 6. ముందటి రాత్రి పిల్లలు బూట్లు తుడిచి తలుపు బయట పెడ్తరు. పొద్దుగాల లేచేసరికి అండ్ల కమలాలు, అక్రోట్లు, పల్లికాయలు, చాక్లెట్లు ఉంటయి. అవునమ్మా, బూట్లల్లనే. “కడిగి తిన్నరా” అని అడుగుతవని తెలుసు. కమలాలు ఒలుచుకొని తినేటివి, పల్లీలకు పొట్టుంటది, చాక్లెట్లకు కాగితముంటది. ఆలోచించే పెట్టిండ్రు.

ఈయనను ఇంటికి గూడ పిలిపించుకోవచ్చు. తలకు బిషప్పు టోపి, ఒక చేతిల వంపు కర్ర, ఇంకో చేతిల బంగారు రంగు పుస్తకం. ఏడాదంత పిల్లగాడు చేసిన మంచీ చెడూ అండ్ల రాసి ఉంటది. తల్లిదండ్రులే ముందుగాల ఆయనకు చీటీ అందిస్తరు, పిల్లలకు తెల్వదు. బంటిగాని కిండర్‌గార్టెన్‌కు గూడ వచ్చిండు. పుస్తకం తెరిచి, “నువ్వు పండ్లు తోముకోనీకి మస్తు సతాయిస్తున్నవంట గదా” అన్నడంట. వీడు ఇంటికొచ్చి, “మమ్మీ, ఆయనకు తెలుగు గూడ వస్తదా?” అని అడిగిండు. పాపం, వాడు సతాయించేది తెలుగుల గదా!

నికోలౌస్ సారు వెంబడి వచ్చే హోంగార్డే నీ కొమ్ములోడు. పేరు క్రాంపుస్. మేక కొమ్ములు, ఒంటినిండ బొచ్చు తోలు, నడుముకు గంటలు, చేతిల బరిగెల కట్ట, వీపుకు గంప. ఆస్ట్రియా, బవేరియా కొండల దిక్కు ఈయన డ్యూటీ. ఉత్తరానికి పోతే క్నెక్ట్ రుప్రెక్ట్ అని ఇంకొకడుంటడు, వానికి కొమ్ములుండవు. నువ్వు చూసినలాంటి ఊరేగింపు మ్యూనిక్‌ల గూడ తీస్తరు, మరియెన్‌ప్లాట్స్ అనే చౌరస్తల, క్రిస్మస్ అంగడి నడుమ. ఆ మొఖాలు చెక్కతోని చెక్కినవి. లోపల ఉన్నోళ్లు మామూలు మనుషులు, సోమవారం మళ్ల డ్యూటీకి పోయేటోళ్లే. గంపల వేసుకొని పోవుడు ఒట్టి కథ.

అయినా భయపెట్టుడుల మన క్రిస్మస్ తాత ఏమన్న తక్కువనా? ప్లాస్టిక్ మొఖం, కండ్ల తాన రెండు పొక్కలు, కడుపుకు మెత్త. క్యారల్స్ రౌండ్లల్ల డప్పు కొట్టుకుంట అర్ధరాత్రి ఇంట్లకొచ్చి, పండుకున్న నన్ను లేపి షేక్‌హ్యాండ్ ఇచ్చేటోడు. ఆ మొఖం కింద ఉన్నది మేనమామ కొడుకని తెలిసినంక గూడ నేను నీ కొంగు ఇడవలే. నువ్వేమో “నవ్వు బిడ్డా, ఫోటో తీస్తున్నరు” అంటివి. ఆ ఫోటో ఇప్పటికీ టీవీ మీద ఉన్నది. అండ్ల ఎవరు దయ్యం లెక్క ఉన్నరో చూడు.

రెండో శాఖ పెద్దది. డిసెంబర్ 24 సాయంత్రం బహుమతులు తెచ్చేది నికోలౌస్ కాదు, క్రీస్తు శిశువు. ఈ మార్పు 1500లల్ల మార్టిన్ లూథర్ కాలంల మొదలైంది. పునీతుని పేరు మీద ఎందుకు, క్రీస్తే ఇస్తడని చెప్దామన్నరు. తమాషా ఏందంటే, ప్రొటెస్టంట్లు తెచ్చిన ఆ క్రీస్తు శిశువును ఇయ్యాల గట్టిగ పట్టుకున్నది క్యాథలిక్కులున్న ఈ బవేరియా. ప్రొటెస్టంట్లు ఎక్కువున్న ఉత్తరానికి మాత్రం వైనాక్ట్స్‌మాన్ అని ఎర్రకోటు, తెల్లగడ్డం తాత వచ్చి కూసున్నడు. ఈ ముక్క పాస్టరుగారికి తప్పకుండ చదివి వినిపియ్యి, ప్రసంగానికి పనికొస్తది. సూపర్‌మార్కెట్ల మాత్రం ఈ హద్దులు నడువవు, అన్ని దిక్కుల ఎర్రకోటు చాక్లెట్ తాతలే. నా ఆఫీసుల ఒకాయన ఆ చాక్లెట్లు చూసి, బిషప్పు టోపి ఉంటేనే నికోలౌస్, కుచ్చు టోపి ఉంటే కాదని చాయ్ చల్లారిందాక నాకు పాఠం చెప్పిండు.

ఈ క్రీస్తు శిశువు మన పశువుల తొట్టిల పండుకున్న పసిబిడ్డ కాదు. బంగారు జుట్టు, తెల్ల గౌను, రెక్కలు, ఆడపిల్ల. ఎట్లయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పిండ్రు. ఎవరికీ కనపడదు, అదే రూలు. పద్ధతి ఏందంటే, 24 నాడు హాల్ తలుపు మూస్తరు, పిల్లలు లోపలికి పోవద్దు. లోపల పెద్దోళ్లు చెట్టు సింగారిస్తరు. మనం డిసెంబర్ పడంగనే మిద్దె మీద స్టార్ కట్టి సాగర్ రోడ్డు దాక కనపడాలె అంటం. ఇక్కడ పాతకాలపు పద్ధతి ఇడువనోళ్లు ఆ సాయంత్రం దాక చెట్టును సొంత పిల్లలకు గూడ చూపెట్టరు. చీకటి పడినంక లోపల చిన్న గంట మోగుతది. తలుపు తెరుస్తరు. చెట్టు వెలుగుతుంటది, కింద బహుమతులుంటయి, కిటికీ జరంత తెరిచి ఉంటది. క్రీస్తు శిశువు గిప్పుడే ఎల్లిపోయిందన్నట్టు.

మరి గంట ఎవరు కొట్టాలె? ఇంట్ల ఉన్నది నలుగురం. గంట మోగినప్పుడు ఒకరు తక్కువ పడ్తరు, బంటిగాడు లెక్క పెడ్తడు. అందుకే మీ అల్లుడు పొద్దున్నుంచే కడుపునొస్తుందని చెప్పి పెట్టుకుంటడు. గంట కొట్టి, కిటికీ తెరిచి, ఇంకో తలుపు నుంచి బాత్‌రూంలకు పోయి, నీళ్లు ఇడిచి, “ఏంది, గంట మోగిందా?” అనుకుంట రావాలె. ఆయన చదివిన ఇంజినీరింగ్ అంత ఆ రోజు పనికొస్తది.

ఉత్తరాలకు పోస్టాఫీసులు గూడ వేరు వేరు. బవేరియాల క్రీస్తు శిశువుకు రాయాలంటే హిమ్మెల్‌స్టాట్, పిన్‌కోడ్ 97267. 1986 నుంచి అక్కడ వాలంటీర్లు కూసొని జవాబులు రాస్తున్నరు. ఎర్రకోటు తాతకైతే బెర్లిన్‌కు ఉత్తరాన హిమ్మెల్‌ఫోర్ట్, 16798. 1984ల ఆ పోస్టాఫీసుల పనిచేసే ఒకామె, పిల్లల ఉత్తరాలు వాపస్ పంపబుద్ధి గాక జవాబు రాసింది, అట్ల మొదలైంది. బంటిగాడు రాసిన ఉత్తరంల వానికొక రైలుబండి, చెల్లెకు ఏమొద్దు, అమ్మమ్మకు రాత్రిపూట భయం వేస్తదట, ఒక టార్చిలైటు.

ఇంకొక ముచ్చట రాయాలె. న్యూరెంబర్గ్ల రెండేళ్లకొకసారి ఒక అమ్మాయిని క్రీస్తు శిశువుగ ఎన్నుకుంటరు. ఆ పిల్ల చర్చి బాల్కనీ మీద నిలబడి క్రిస్మస్ అంగడిని తెరుస్తది. 2019ల ఎన్నికైన పిల్ల బెనిగ్న మున్సి. తల్లి జర్మన్, తండ్రి మన దేశం నుంచి వచ్చినాయన. ఒక పార్టీ శాఖోళ్లు ఆ పిల్ల పుట్టుకను ఎక్కిరిస్తూ ఫేస్‌బుక్‌ల రాసిండ్రు. చానామంది ఆ పిల్ల పక్కన నిలబడ్డరు, గొడవ కాంగనే పోస్టు తీసేసిండ్రు. ఆ పిల్ల నిమ్మలంగ బాల్కనీ ఎక్కి తన పని చేసింది. నువ్వు కొమ్ములున్నోన్ని చూసి భయపడుతున్నవు గని, చిన్నదానికి తెల్లగౌను తొడిగి రెక్కలు కట్టిన నాడు నా భయం కొమ్ములు లేనోళ్ల గురించి. ఇప్పటిదాక ఎవరూ ఏమనలే. కిందింటి ముసలామె అయితే రెక్క వంకర పోయిందని తానే సరిచేసింది.

వీళ్ల పండుగల నాకు అన్నిటికన్న నచ్చింది ఎదురుచూసుడు. 1839ల హాంబుర్గ్ల విషెర్న్ అనే దైవసేవకుడు పేదపిల్లలకు ఒక ఆశ్రమం నడిపేటోడు. పండుగ ఇంకెన్ని దినాలని పిల్లలు రోజూ పానం తినేటోళ్లు. ఆయన ఒక పాత బండి చక్రం మీద దినానికొక చిన్న కొవ్వొత్తి, ఆదివారానికొక పెద్దది పెట్టిండు. రోజుకొకటి ముట్టిస్తే వాళ్లే లెక్క పెట్టుకుంటరని. ఇప్పుడు ఇంటింటా నాలుగు కొవ్వొత్తుల దండ ఉన్నది, అండ్ల నుంచే వచ్చింది. మెదక్ చర్చికి వ్యానుల పోయినప్పుడల్ల బాపు చెప్పేటోడు గదా, కరువుల ఆకలితోని ఉన్నోళ్లకు పని, తిండి చూపెట్టుకుంట కట్టి, 1924 క్రిస్మస్ నాడు తెరిచిండ్రని. మనకు కేకులు, కొత్త బట్టలు తర్వాత వచ్చినయి. ముందుగాల ఉన్నది ఆకలి పిల్లలే, ఇక్కడైనా అక్కడైనా.

కాని ఒక్కటి నాకు ఇంకా అలవాటు కాలే. ఇక్కడ క్రిస్మస్ అంటే తలుపులు మూసుడు. 24 మధ్యాహ్నానికే దుకాణాలు బంద్, 25, 26 సెలవు, ఎవరింట్ల వాళ్లు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాక చప్పుడు చెయ్యొద్దు. మన యూత్ పిల్లలు డప్పు, కీబోర్డు పట్టుకొని ఒంటిగంటకు వస్తే పాట అయిపోయేలోపల పోలీసులు వస్తరు. “24 నాడు మనింటికి ఎవరొస్తరు?” అని బంటి అడిగిండు. ఎవరూ రారన్న. “అమ్మమ్మ వాళ్లింటికి?” అన్నడు. సంఘ పెద్దలు, సండే స్కూల్ పిల్లలు, పక్కింటి ఖాలా, అక్క అత్తగారోళ్లు, పాలాయన, కేక్ కోసమే వచ్చే బాపు దోస్తులు అని చెప్పుకుంట చెప్పుకుంట నా గొంతు పట్టుకపోయింది. వాడు మాత్రం “అంతమందికి బూట్లు ఎక్కడ పెడ్తరు?” అన్నడు.

అందుకే పోయినేడు 25 పొద్దుగాల కేకు ముక్కలు, మురుకులు ప్లేట్లల్ల పెట్టి బిల్డింగంత పంచిన. కొందరు ఇదెంతకు అని అడిగిండ్రు. కిందింటి ముసలామె సాయంత్రానికి ప్లేటు కడిగి, అండ్ల నెలవంక బిస్కెట్లు పెట్టి తెచ్చిచ్చింది. ఖాళీ ప్లేటు వాపస్ ఇయ్యొద్దని ఈమెకు ఎవరు చెప్పిండ్రో మరి! జనవరి 6 ముందట చర్చి పిల్లలు కిరీటాలు పెట్టుకొని ముగ్గురు జ్ఞానుల వేషంల ఇంటింటికీ వస్తరు, పట్టపగలే. పాట పాడి, వేరే దేశాల పేదపిల్లల కోసం పైసలు జమ చేసి, ఇంటికి దీవెనగ తలుపు మీద సుద్దతోని రాసి పోతరు. 1959 నుంచి దేశమంత నడుస్తున్నది. వాళ్ల పాట వినంగనే బంటిగాడు, “మమ్మీ, క్యారల్స్ వచ్చిండ్రు, చాయ్ పెట్టు” అని ఉరికొచ్చిండు. ఎవరు నేర్పిండ్రో చెప్పక్కర్లేదు. చాయ్ పెట్టిన. ఆ రాజులు చిన్నపిల్లలు గదా, తాగలే గని, వాళ్ల వెంబడి వచ్చిన పెద్దాయన రెండు కప్పులు తాగిండు.

ఇగ 24 నాటి సంగతి. ఇక్కడ ఆరింటికి గంట మోగుతది, అప్పుడు మీకు రాత్రి పదిన్నర. ఫోన్ నేనే చేస్త. బాపుకు గట్టిగ చెప్పు, “క్రిస్మస్ తాత ఏం తెచ్చిండు” అని అడగొద్దు, ఈ హద్దుల ఆయనకు డ్యూటీ లేదు. “క్రీస్తు శిశువు ఏం తెచ్చింది” అనాలె. అల్లుని కడుపునొప్పి గురించి అసలే అడగొద్దు. పార్సిల్ల గరిజెలు పంపు. నెయ్యి డబ్బా పెట్టకు, కస్టమ్స్‌ల ఆపుతరు. గులాబీ పూలు పంపితే పొడైపోతయి, అయినా పంపు, చెంచాతోని తింటం.

నీ చిన్న బిడ్డ

తా.క.: 24 రాత్రి ఇక్కడ చానా ఇండ్లల్ల తినేది ఆలుగడ్డ సలాడు, సాసేజీలు. అంత పెద్ద పండుగకు అదేం తిండని నాయం అడుగుతవని తెలుసు, నేను గూడ అడిగిన. మనింట్ల బిర్యానియే, అల్లుడు వండుతడు. భయపడకు, ఉప్పు నేను చూస్త.