లైటు ఆర్పనివ్వని బాబాయిగారు

కారు బాగుచేసేవాళ్లు వేరు, కారుకి ఏమైందో కనిపెట్టేవాళ్లు వేరు. మా బెజవాడలో మొదటిరకం వాళ్లు ఆటోనగర్‌లో దొరుకుతారు. రెండోరకం వాళ్లు ఉద్యోగాల్లోంచి రిటైరై, అపార్టుమెంట్ల సెల్లార్లలో తిరుగుతూంటారు. మా అపార్టుమెంటుకి రెండో అంతస్తు బాబాయిగారు ఉన్నారు. కరెంటాఫీసులో ఏళ్ల తరబడి మీటర్లు పరీక్షించిన చెయ్యి అది, ఊరికే ఉండమంటే ఉంటుందా? ఆయనకి సొంత కారు లేదు. ఉన్నదాన్ని అమ్మేశారు. అది ఎప్పుడూ చెడిపోయేది కాదట.

నుదుటికి టార్చిలైటు, చొక్కా జేబులో మల్టీమీటరు, చంకలో అమెరికా నుంచి కొడుకు పంపిన స్కానరు. ఇదీ వేషం. ఆన్‌లైన్లో వచ్చే చవక బ్లూటూత్ బిళ్లలంటే ఆయనకి గిట్టదు. అవి చాలామటుకు ఇంజను కోడ్లు చదివి ఊరుకుంటాయి, ఏబీఎస్ పెట్టెని పలకరించనైనా పలకరించవు. "మనిషిని చూడ్డానికొచ్చి నాడి ఒక్కటే పట్టుకుని పోతే ఎలాగోయ్?" అంటారు.

మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడి కారులో పసుపు లైటు వెలిగింది. కారు బొమ్మ, దాని వెనకాల వంకర గీతలు. ఈఎస్‌పీ లైటు, అంటే కారు జారిపోకుండా చూసే ఏర్పాటుది. కుర్రాడు చేసిన పొరపాటల్లా లిఫ్టులో ఆ మాట పైకి అనడమే.

"లైటు ఆరిపోతే చాలు బాబాయిగారూ."

"ఆర్పుతావా? ఏవోయ్, సాక్ష్యం మాయం చేస్తావా?"

ఆ సాయంత్రం విచారణ మొదలైంది. బ్యాటరీ ఎప్పుడు మార్చావు, ఎక్కడైనా గోతిలో దిగిందా, ఈమధ్య ఎవరైనా చక్రాల జోలికి వెళ్లారా? అన్నిటికీ కుర్రాడు లేదండీ, లేదండీ అన్నాడు. తర్వాత చరిత్ర. 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాసుకి బాష్ కంపెనీ ఈ ఏర్పాటు మొదటిసారి బిగించడం దగ్గర ఎత్తుకుని, 1997లో స్వీడన్‌లో విలేఖరులు దుప్పి అడ్డొచ్చినట్టుగా గబుక్కున స్టీరింగు తిప్పి చూస్తే మెర్సిడెస్ వాళ్లదే ఏ క్లాసు కారు పల్టీ కొట్టిన వైనం, ఆ దెబ్బతో ఆ బుల్లి కారుకి కూడా ఈఎస్‌పీ పెట్టక తప్పకపోవడం, అంతా బెంజి సర్కిల్ ఉన్న దిక్కుకి చెయ్యి చూపిస్తూ చెప్పుకొచ్చారు. పిన్నిగారు రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి వాచ్‌మన్‌ని పంపారు.

"ఇందులో కిటుకేం లేదు. నువ్వు ఎటు పోదామనుకున్నావో స్టీరింగు సెన్సరు చెబుతుంది. నిజంగా ఎటు పోతున్నావో ఇంకో సెన్సరు చెబుతుంది. రెంటికీ పొంతన కుదరకపోతే కంప్యూటరు ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి దారిలో పెడుతుంది" అన్నారు. కుర్రాడు ఇది తన ఉద్యోగం గురించేమోనని కాసేపు నొచ్చుకున్నాడు.

స్కానరు సి0051 అని కోడు చూపించింది. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్. కుర్రాడు అప్పటికే ఫోన్లో దాని ధర పట్టేశాడు. చాలా కార్లలో అది స్టీరింగు కింద క్లాక్ స్ప్రింగ్‌తో కలిసే వస్తుంది. మార్చాలంటే బ్యాటరీ తీగ పీకి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగు విప్పాలి. ఖర్చూ తక్కువేం కాదు.

"కోడులో పేరుందని పార్టు మార్చేస్తారుటోయ్! అది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు."

ఈ ఒక్క విషయంలో నేను బాబాయిగారి పక్షం. మిగతా విషయాల్లో కుర్రాడి పక్షం, ఎందుకంటే వాడు రోజూ బస్సులో ఆఫీసుకి పోతున్నాడు.

బ్యాటరీ చూశారు. 12.5 వోల్టులు. దాన్ని అనుమానించడానికి వీల్లేదు. బ్యాటరీ తీగ తీసి, కారులో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్ల మధ్య కొలిచారు. రెండు కొసలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి గనక కలిపి 60 రావాలి. 60 వచ్చింది. వాచ్‌మన్ చేత పాల లెక్కల పుస్తకంలో అంకెలన్నీ రాయించారు. మర్నాడు కారు స్టార్టు చేస్తే లైటు దానంతటదే ఆరి ఉంది. కుర్రాడి మొహం వెలిగింది, బాబాయిగారి మొహం మాడింది. కారుని రోడ్డెక్కించి, నాలుగు సందులు తిప్పించి, మళ్లీ లైటు వెలిగించాకగానీ ఆయన కాఫీ ముట్టలేదు.

ఆఖరికి వాచ్‌మన్‌ని సీట్లో కూర్చోబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి స్టీరింగు తిప్పించారు. తెర మీద అంకెలు ఎక్కడా గెంతలేదు, ఎక్కడా ఆగిపోలేదు. సెన్సరు బంగారం. కానీ చక్రాలూ స్టీరింగూ తిన్నగా పెట్టి చూస్తే, తెర 9 డిగ్రీలు ఎడమకి అంటోంది.

బాబాయిగారు కళ్లజోడు తీశారు. "చక్రాలు ఎవరూ ముట్టుకోలేదన్నావు?"

"అబ్బే లేదండీ. కిందటివారం అలైన్‌మెంటు చేయించానంతే."

అదీ సంగతి. అలైన్‌మెంటు కుర్రాళ్లు చక్రాలు సరిచేశారు, స్టీరింగు నిలబెట్టారు, సెన్సరుకి మాత్రం కొత్త సున్నా ఎక్కడో చెప్పలేదు. కారు తిన్నగా పోతూంటే అది ఎడమకి అంటోంది, కంప్యూటరు నమ్మట్లేదు. కొన్ని కార్లలో స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పితే సర్దుకుంటుంది, దీనికి స్కానరుతోనే చెప్పాలి. కొత్త సెన్సరు వేసినా ఇలాగే సున్నా పెట్టాలి కాబట్టి, వేసి ఉంటే లైటు ఆరేది, పాతదే పోయిందని అందరూ నమ్మేసేవాళ్లు కూడా.

బటను నొక్కితే అయిపోతుంది. బాబాయిగారు నొక్కరు. "ఒక్కసారి వోల్టేజీ మళ్లీ చూసి..." అని సణుగుతూంటే, కుర్రాడు చెయ్యి చాచి తనే నొక్కేశాడు. లైటు ఆరింది. తాళాలు తీసుకుని వెనక్కి చూడకుండా ఆఫీసుకి పోయాడు.

బాబాయిగారు ఖాళీ అయిన ఆ జాగాలో కాసేపు నిలబడ్డారు. ఇంతలో నాలుగో అంతస్తు టీచరుగారు స్కూలు నుంచి వచ్చి కారు ఆపారు.

"టీచరుగారూ, మీ కారులో ఏ లైటూ వెలగట్లేదా?"

"లేదు బాబాయిగారూ, ఏమీ లేదు, అంతా బాగానే ఉంది" అని ఆవిడ గబగబా లిఫ్టువైపు నడిచారు.

"అసలేమీ వెలగట్లేదా? తాళం తిప్పగానే అన్నీ ఒకసారి వెలిగి ఆరాలమ్మా! బల్బులే పోయాయో ఏమో. ఏదీ, ఆ తాళం ఇటివ్వండి."