పదకొండో మన్మథావస్థ

ప్రబంధానికి మొదట ఇష్టదేవతా స్తుతి ఉండాలి. జాంబీ ప్రబంధానికి ఇష్టదేవత చాక్లెట్ సిరప్ సీసా.

అమ్మా, సిరప్పమ్మా! శ్యామలాంగీ, సాంద్రరూపిణీ, సీసా బోర్లించి అడుగున ఎంత చరిచినా నీకు బుద్ధి పుట్టినప్పుడే దిగివచ్చే మందగామినీ! ముప్పై ఏళ్లు నిండని జార్జ్ రొమెరో 1,14,000 డాలర్లు పోగేసుకుని, అమెరికాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సినిమా తీసి, 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ పేరుతో విడుదల చేసినప్పుడు, లేచి వచ్చిన శవాల గడ్డాల మీదుగా నెత్తురై జారింది నువ్వే కదా తల్లీ. సినిమా నలుపు తెలుపు. ఎరుపెవడిక్కావాలి, చిక్కదనం చాలు! పేగులూ మాంసఖండాలూ అంటావా, పెట్టుబడిదారుల్లో ఒక మాంసం వ్యాపారి ఉన్నాడు. ఆయన సమర్పించుకున్నాడు.

జంగారెడ్డిగూడెం వాడు మీసం మెలివేయాల్సిన చోటు ఇదే. చాక్లెట్‌కి మూలం కోకో. మన దేశంలో కోకో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. అందులోనూ పాత పశ్చిమ గోదావరి జిల్లాలో, కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో, నీడపట్టున అంతర పంటగా. అంటే లోకంలో మొట్టమొదటి ఆధునిక జాంబీ నోట కారిన నెత్తురు ఏ జాతిదో, ఆ జాతి నెత్తురు మా చుట్టూ చెట్ల మొదళ్లకు కాయలై వేలాడుతోంది. హాలీవుడ్డుకు లేని వంశగౌరవం మాకుంది. ఇన్నాళ్లూ చెప్పుకోలేదంతే.

రెండో నమస్కారం ఒక గుర్తుకి. ఆవగింజకు అన్న, నువ్వుగింజకు తమ్ముడు, సున్నాలో ఒదిగి కూర్చున్న ఒంటి అక్షరం: కాపీరైటు గుర్తు. రొమెరో సినిమాకి మొదట వేరే పేరుండేది. పంపిణీదారులు పేరు మార్చి, కొత్త టైటిలు కార్డు మీద కాపీరైటు ప్రకటన వెయ్యడం మానేశారు. ఆనాటి అమెరికా చట్టంలో ప్రకటన లేకపోతే హక్కూ లేదు. బొమ్మ విడుదలైన రోజే లోకానిదైపోయింది. వామనుడు మూడడుగులతో ముల్లోకాలు ఆక్రమించాడు. ఈ చుక్కంత గుర్తు అసలు అడుగే పెట్టకుండా ముల్లోకాలనూ జాంబీలతో నింపేసింది. డబ్బు లేనివాడు కూడా శవాన్ని లేపొచ్చు, ఎవడికీ కప్పం కట్టక్కర్లేదు. అన్నట్టు ఆ సినిమాలో జాంబీ అన్న మాట ఒక్కసారీ వినపడదు.

ఇక కావ్యానికి అష్టాదశ వర్ణనలు కావాలంటారు లాక్షణికులు. తక్కువ బడ్జెట్ కావ్యంలో పద్దెనిమిదీ పెడితే నిర్మాత పారిపోతాడు. సముద్రాన్ని మొదటే కొట్టేశాం. మాకు సముద్రం లేదు, ఎర్రకాలువ ఉంది. పర్వతం ఉంది, పారిజాతగిరి. వెంకటేశ్వరస్వామి అనుమతిస్తే అక్కడో షాటు. నగర వర్ణన మాత్రం తప్పదు, ఎందుకంటే అది ఉచితం.

అది జంగారెడ్డిగూడెమను పురంబు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పంపకంబున ఏలూరు పాలబడియె. డెల్టావారు తమ కాలవగట్లపై కూర్చుండి మమ్ము మెట్టవారని పిలుతురు, మేము బోరుబావుల నడుమ నిలిచి ఊరకుందుము. ఆ సీమ పొగాకు బ్యారన్లు నోళ్లు మూసిన కోటబురుజులవలె నిలిచి, లోపల పచ్చని ఆకును రాత్రింబవళ్లు వేపి పసిడి చేయుచుండును. పామాయిల్ తోటల సంగతి చెప్పనలవి గాదు. మట్టలు మట్టలతో పెనగి, మిట్టమధ్యాహ్నమే అమావాస్య చీకటి కలిగించును. అమెరికాలో ఇంత చీకటి కావాలంటే రాత్రిదాకా ఆగాలి, పైగా లైట్లు అద్దెకు తేవాలి. మాకు చీకటి గెలలతోబాటే కాస్తుంది.

ఇంత సరంజామా ఉండీ తెలుగులో జాంబీ కావ్యం మా మెట్టలో పుట్టలేదు, కర్నూలు సీమలో పుట్టింది. 2021 ఫిబ్రవరి 5న ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ విడుదల చేశాడు. కరోనాకు మందు కనిపెట్టబోతే జాంబీలు తయారైన కథ. అప్పుడు హాల్లో కూర్చున్న మా మూతులకు మాస్కులున్నాయి. కాదు, మూతులకు లేవు. ఓ మాస్కా, ముక్కును త్యజించి, నోటిని సన్యసించి, గడ్డమనే గుహలో తపస్సు చేసిన మహర్షీ! తెర మీద వైరసు, తెర ముందు వైరసు, మధ్యలో నువ్వు ఎవరి జోలికీ పోకుండా సాక్షీభూతుడివై వేలాడావు. ఇంటర్వెల్లో సమోసా లోపలికి వెళ్తూ నిన్ను ఒరుసుకుంది. నీ ఏకాగ్రత చెదరలేదు.

కథానాయకుడు మారియో. పేరు విని ఏ ఇటలీ వాడో అనుకునేరు, మర్రిపాలెం ఓబుల్ రెడ్డికి పొట్టి రూపం అది. చిన్నప్పుడు ‘ఇంద్ర’లో కనిపించిన తేజ సజ్జా ఆ వేషం కట్టాడు. వీడియో గేములు తయారుచేసే కుర్రాడు, స్నేహితుడి పెళ్లికని బళ్లు కట్టుకుని కర్నూలు వైపు పోతాడు. ద్యూత వర్ణన, ప్రయాణ వర్ణన, వివాహ వర్ణన, మూడూ తెలియకుండానే కుదిరిపోయాయి. అక్కడ ఫ్యాక్షను సిద్ధంగా ఉంటుంది. నాకు ఆ సినిమాలో నచ్చిన తెలివి అక్కడుంది. సుమోల్లోంచి దూకి, కేకలు పెడుతూ, ఒకే దిక్కుకు పరుగెత్తే తెల్లచొక్కాల మందకు తెలుగు ప్రేక్షకుడు ఏనాడో అలవాటుపడ్డాడు. ఎన్ని నరికినా ఇంకో బండెడు దిగుతారు. వర్మ ఆ మందను అలాగే ఉంచి, చేతిలో కత్తికి బదులు నోట్లో పళ్లు పెట్టాడు. జాంబీకి తెలుగునాట వేరే పాస్‌పోర్టు అక్కర్లేకుండా పోయింది. గెటప్ శ్రీను హాస్యం బాగా పండింది. నాయిక ఆనంది పక్కన ప్రేమ మాత్రం కొంచెం పలచన, పెళ్లి గొడవలో, కరిచే గొడవలో దానికి తీరిక దొరకలేదు. మూడేళ్లకు, 2024 జనవరి 12న, అదే దర్శకుడు అదే నాయకుడితో ‘హనుమాన్’ తెచ్చాడు. అది మా గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి భక్తుల పద్దు, ఈ కావ్యంలోకి రాదు.

హిందీలో ఈ పని మనవాళ్లే ముందు చేశారు. తిరుపతిలో ఇంజినీరింగు చదువుకున్న రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే 2013లో ‘గో గోవా గాన్’ తీశారు. సైఫ్ అలీ ఖాన్ రష్యావాడి యాసతో జాంబీలను కాలుస్తాడు, తీరా చూస్తే ఢిల్లీవాడు. గోదావరి జిల్లాల్లో ఇలాంటి రష్యన్ ఊరికొకడుంటాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏడ్పించక నవ్వించే జాంబీ సినిమాలో ప్రేమకేం పని అని పెద్దలు ముక్కు విరుస్తారు. ముక్కు ఊడిపోయినవాళ్ల గురించి రాస్తున్నాం గనక ఆ విరుపు మనకు తగలదు. శృంగారం నుంచి హాస్యం పుడుతుందనీ, బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ భరతుడే చెప్పాడు. ఇద్దరు తల్లులు, ఇద్దరు పిల్లలు. తల్లులకు పడదు, పిల్లలు కలిసి ఆడుకుంటారు. జాంబీ ప్రేమకథ ఆ నలుగురి ఉమ్మడి కాపురం.

అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటుంది. మన లాక్షణికులు మన్మథావస్థలు పది చెప్పారు. చూపు కలుస్తుంది, మనసు తగులుకుంటుంది, సంకల్పం మొదలవుతుంది. ఆపైన నిద్ర పట్టదు, ఒళ్లు చిక్కిపోతుంది, అన్నం సయించదు, సిగ్గు పోతుంది, పిచ్చెక్కుతుంది, మూర్ఛ వస్తుంది. పదోది మరణం. అక్కడ తాళపత్రం అయిపోయింది. జాంబీని ఎగాదిగా చూడండి. నిద్ర లేదు. ఎముకల గూడు. ఒక్క పదార్థం తప్ప అన్నీ అసహ్యం. చొక్కా చిరిగినా ఖాతరు లేదు. చూపు ఒకే మనిషి మీద, నడక ఆ మనిషి వైపే. విరహం ముదిరి పదో అవస్థను దాటేసినవాడు వీడు. పదకొండో అవస్థకు లక్ష్యం దొరికింది, లక్షణం రాసేవాళ్లే లేరు.

ఇంగ్లండువాళ్లు 2004లో ‘షాన్ ఆఫ్ ద డెడ్’లో ఈ సంగతి పట్టేశారు. షాన్ అనే సోమరి నాయకుడు హోటల్లో బల్ల బుక్ చెయ్యడం మర్చిపోయాడు, ప్రియురాలు లిజ్ వదిలేసింది. తెల్లారి తాగింది దిగక, వీధంతా శవాలు తిరుగుతున్నా చూసుకోకుండా కొట్టుకెళ్లి కూల్‌డ్రింకు తెచ్చుకున్నాడు. ఉన్మాదానికీ మూర్ఛకీ మధ్య ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ అలంకార గ్రంథంలో ఉంది? తరవాత అస్త్ర ప్రయోగం. పెరట్లో జాంబీల మీదికి గ్రామఫోను రికార్డులు విసరాలి. ఏది విసరదగ్గది, ఏది దాచుకోదగ్గది అని నాయకుడూ స్నేహితుడూ ఒక్కోటి తీసి వాదించుకుంటారు. అర్జునుడు కూడా అమ్ములపొదిలో ఇంత వెతికి ఉండడు. ఒక రికార్డు దగ్గర చెయ్యి ఆగుతుంది, అది లిజ్‌ది. వదిలేసి పోయింది కదరా అంటాడు స్నేహితుడు. రికార్డు ఎగిరిపోతుంది. విప్రలంభ శృంగారం గిర్రున తిరుగుతూ వెళ్లి శవం వైపు దూసుకుపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

2013లో వచ్చిన ‘వార్మ్ బాడీస్’ ఇంకో మెట్టు. అందులో నాయకుడే జాంబీ. పేరు మర్చిపోయాడు, ఒక్క అక్షరం మిగిలింది, ఆర్. ప్రేమలో పడ్డాక వాడి గుండె మళ్లీ కొట్టుకుంటుంది, పదకొండో అవస్థ నుంచి మెట్లు వెనక్కి ఎక్కి మొదటిదాకా వస్తాడు. దాని బడ్జెట్ మన కులంది కాదు, అందుకే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటున్నాను.

మా పామాయిల్ తోటలో తీస్తే నాయికకు ఆపాదమస్తక వర్ణన ఇలా ఉంటుంది. మొహానికి మైదా, బుగ్గలకు జిగురుతో అంటించిన కాగితం చింపిరులు, అవే చర్మం ఊడిన చోట్లు. కళ్ల కింద కాటుక చెదిరితే విరహం, రుద్దితే మరణం. నెత్తురుకి పంచదార పాకం, మిఠాయి రంగు, చిక్కదనానికి చిటికెడు కోకో పొడి, తల్లిని మరవకూడదు గదా. నాయకుడి చేతికి గదాదండం వెతకనక్కర్లేదు. గెలలు కోసే కొడవలి ఉంది, నింగినంటే గెడ చివర కట్టింది. దానితో జాంబీని కొట్టాలంటే జాంబీ చెట్టెక్కాలి. అది దర్శకుడు చూసుకుంటాడు.

నాయిక చచ్చిపడే షాటు. కెమెరా తిరుగుతోంది. అంతట పిపీలికాధిపతి మట్టపై నిలిచి అవలోకించి, ‘ఔరా, ఈ కన్య మృత, అయినను మధుర’ అని వితర్కించి శంఖంబు పూరించెను. చలిచీమలు కాల్బలంబుగ, గండుచీమలు గజబలంబుగ, ఎర్రచీమలు విలుకాండ్రుగ, బారులు తీరి కదలెను. కాలి బొటనవేలున దండు విడిసి, మోకాటి గాయమను తేనెకొలనున జలక్రీడలాడి, మెడపై పారు రుధిరవాహినిం జేరి మధుపానం బొనర్చి (ఇంకో రెండు వర్ణనలు ఖర్చు లేకుండా తీరాయి), చెవి తమ్మెకు నిచ్చెన వేసెను. శవము ‘అమ్మబాబోయ్’ అని ఆర్తనాదంబు సేసి, కుప్పించి ఎగసి, తోటలో నాలుగు వరసలు దాటి నిలిచెను.

“అమ్మా, నువ్వు చచ్చిపోయావమ్మా, నీకు చీమలెలా తెలుస్తాయి?” అంటాడు దర్శకుడు.

“చచ్చినా కుడతాయండీ బాబూ ఇవి!”

ఈ షాటు తీసెయ్యక్కర్లేదు. జపాన్‌లో షినిచిరో ఉయెదా 2017లో ‘వన్ కట్ ఆఫ్ ద డెడ్’ 30 లక్షల యెన్లతో తీశాడు. మొదట 37 నిమిషాలు ఒకే షాటు. మధ్యలో నెత్తురు చింది కెమెరా కంటి మీద పడింది, తుడుచుకుని సాగిపోయారు. కథలో, ఆఖరి షాటుకు కావలసిన క్రేను విరిగిపోతుంది. అప్పుడు యూనిట్ అంతా మనుషుల మీద మనుషులెక్కి గోపురం కట్టి, కెమెరాని పైకి లేపుతారు. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టినట్టే. ఆ సినిమాకి 300 కోట్ల యెన్లకు పైగా వచ్చాయి. క్రేను అద్దెకు తెచ్చి ఉంటే అన్ని వచ్చేవి కావని నా నమ్మకం.

ఇంకా తక్కువలో కావాలంటే మార్క్ ప్రైస్ ఉన్నాడు. 2008లో బ్రిటన్‌లో ‘కోలిన్’ సినిమాని 45 పౌండ్లకు ముగించానన్నాడు, ఇవాళ్టి మన లెక్కలో ఐదు వేల రూపాయలకు అటూ ఇటూ. ఒక గునపం, కొన్ని టేపులు, టీ కాఫీలు. పద్దు అంతే. మా ఊళ్లో గునపం కొనడమేమిటి, పక్కింట్లో అడిగితే ఇస్తారు. తిరిగి ఇవ్వకపోతేనే ప్రమాదం, అప్పుడు నిజంగా శవం లేస్తుంది. టేపులక్కర్లేదు, ఫోనుంది. సొమ్మంతా టీలకే పోతుంది, అయినా చాలదు. షూటింగని తెలిస్తే ముప్పై మంది జాంబీలకు మూడొందల మంది చూసేవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లను టీ ఇవ్వకుండా పంపే అలవాటు ఈ జిల్లాల్లో లేదు. “ఆయ్, మాకెందుకండీ ఇప్పుడు” అంటూనే గ్లాసు అందుకుంటారు. ఒంటినిండా పంచదార పాకం పూసుకుని చెట్టు కింద కూర్చున్న పెద్ద జాంబీగారు మాత్రం కుర్రాణ్ణి పక్కకు పిలిచి, “నాకు పంచదార లేకుండా చెప్పు బాబూ, షుగరుంది” అంటారు.