ముగ్గని పనస

మా హైదరాబాదు బావ నిమ్మాడలో కారు దిగీ దిగగానే, "చూడ్డానికి ఏమున్నాయోయ్ మీ శ్రీకాకుళం వైపు?" అన్నాడు. తేలినీలాపురం పక్షులున్నాయన్నాను. ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, పిల్లల్ని పెంచుకుని పోతాయి, వాటి మీద ఏ కేసులూ లేవు.

"పక్షులొద్దు. చరిత్ర చూపించు."

చరిత్ర మా ఉద్దానం పనసలాంటిది. ముగ్గితే తొనలకు ఎగబడతారు. పచ్చిది ముట్టుకుంటే చేతికి జిగురు. అల్లూరి 1922లో తిరగబడితే 2022లో ప్రధానమంత్రి వచ్చి భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. సరిగ్గా నూరేళ్లు మాగాలన్నమాట! పైగా కాల్చినవాడు తెల్లోడు, ఓడెక్కి పోయాడు. విగ్రహాలకు అంతకు మించిన సౌకర్యం లేదు.

మందస తీసుకెళ్లాను. జమీందారు కోట ముందు ఆరు సెల్ఫీలు, వాసుదేవుడికో దండం, రెండు కిలోల కోవా. ఆ జమీందారీ మీద తిరగబడిన రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులొస్తే ఎదురెళ్లి, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో తూటాకు ఒరిగిపోయిన వీర గున్నమ్మ స్తూపం దగ్గర మాత్రం బావ కారు దిగలేదు. ఏసీ చల్లదనం పోతుందట.

పలాస పక్కన బొడ్డపాడులో దిగాడు, నీడ ఉందని. 1969లో ఎన్‌కౌంటర్లలో పోయిన పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహిల ఊరు. పాణిగ్రాహి ఇక్కడ పూజారి, జముకుల కథలు రాసి ఆడినవాడు. పర్యాటక శాఖను బోర్డు రాయమంటే 'ఇచ్చట ఒక పూజారి ఉండేవారు' వరకూ రాస్తుంది. అక్కడికి పెయింటు అయిపోతుంది. కాల్చినవాళ్ల టోపీ మీద మన సింహాలే ఉన్నాయి మరి.

స్మారక మందిరం ముందు బావ నా చెవిలో, "వీళ్లు మంచివాళ్లా, చెడ్డవాళ్లా? ఒక్క ముక్కలో చెప్పు, స్టేటస్ పెట్టాలి" అన్నాడు. చెవిలో చెప్పినా, అరుగు మీద జీడిపిక్కలు ఎండబెడుతున్న ముసలాయనకు వినబడింది.

"మా ఊరోల్లు బావూ" అన్నాడు, తలెత్తకుండా.

స్టేటస్‌లో కోవా ఫొటో పడింది.

సాయంత్రానికి సోంపేట బీల చేరాం. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగిన నేల. నీళ్లలో గేదెలు. బావ చుట్టూ చూసి, "ఇక్కడ బోర్డేమీ లేదేం?" అన్నాడు.

"ఇంకా కాయే బావా. ఎక్కు, చీకటడిపోతోంది."