జాగ్రత్త, నాన్నగారూ!

స్విండన్‌లో మా అబ్బాయి ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో "జాగ్రత్త, నాన్నగారూ" అన్న మాట 142 సార్లు విన్నాను. లెక్కలో పొరపాటుండదు, ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో పనిచేసినవాణ్ణి. మెట్లు దిగుతుంటే జాగ్రత్త, స్నానానికి వెళ్తుంటే జాగ్రత్త, కుళాయిలో వేడినీళ్లొస్తాయి జాగ్రత్త, పేవ్‌మెంటు తడిగా ఉంది జాగ్రత్త. కోడలు మర్యాదస్తురాలు. "కాస్త చూసుకుని, మావయ్యగారూ" అంటుంది. అవి ఈ లెక్కలో లేవు. విడిగా రాసుకుంటున్నాను.

దేశం కూడా మావాడి పక్షమే. నేల తుడిస్తే పసుప్పచ్చ బోర్డు పెడతారు. కాఫీ కప్పు మీద లోపలున్నది వేడి కాఫీ అని అచ్చేస్తారు. రోడ్డు మీద జానెడు గొయ్యి తవ్వినా చుట్టూ కంచె కట్టి, మెరిసే జాకెట్లు తొడుక్కున్న నలుగురు దానికి కాపలా నిలబడతారు.

అలాంటి దేశంలో, మే నెల ఆఖరి సోమవారం, బ్యాంకు సెలవు నాడు, నన్ను కారెక్కించి, సీటుబెల్టు తనే బిగించి మావాడు తీసుకెళ్లి చూపించిందేమిటయ్యా అంటే, నిక్షేపంలాంటి మనుషులు కొండమీంచి కింద పడటం.

కూపర్స్ హిల్ అంటారు. గ్లాస్టర్ దగ్గర బ్రాక్‌వర్త్ అనే ఊరిని ఆనుకుని ఉంది. (గ్లాస్టర్‌కి ఇంగ్లీషులో రాసేటప్పుడు మూడు నాలుగు అక్షరాలు ఎక్కువుంటాయి. పలికేటప్పుడు అవి కనబడవు. ఈ కొండ దిగుతూ రాలిపోయి ఉంటాయి.) పైనుంచి మూడు నాలుగు కిలోల డబుల్ గ్లాస్టర్ చీజ్ చక్రాన్ని దొర్లిస్తారు. దాని వెనక జనం పడతారు. ముందు కిందికి చేరినవాడిదే చీజ్. దాన్ని పట్టుకోనక్కర్లేదు. పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, గంటకి 110 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని చెబుతారు.

వాలు పొడవు 180 మీటర్లు. రెండడుగులు ముందుకి వెళ్తే ఒక అడుగు కిందికి వెళ్లేంత ఏటవాలు. కొన్నిచోట్ల అడుగుకి అడుగే. మధ్యలో గుంటలు, దిబ్బలు. కిందనుంచి చూస్తే నాకది కొండలా కనబడలేదు, పచ్చరంగు కొట్టిన ప్రహరీగోడలా కనబడింది.

పైన తెల్లకోటు, రిబ్బన్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఏదో లెక్కపెట్టాడు. చీజ్ వదిలారు. వెనకాలే పాతికమంది. మొదటి నాలుగడుగులూ పరుగే, ఒప్పుకుంటాను. ఐదో అడుగుకి కాళ్లు వెనకబడ్డాయి, తలలు ముందుకొచ్చాయి. ఎర్ర చొక్కా కుర్రాడొకడు గాల్లో ఒక మొగ్గ వేసి, వీపు మీద దిగి, ఆ దెబ్బకే మళ్లీ లేచి, ఈసారి అడ్డంగా దొర్లడం మొదలుపెట్టాడు. వాడి బూటొకటి ఊడి, వాడితో సంబంధం లేనట్టు, వాడికన్నా ముందే కిందికొచ్చేసింది. బూటుకి బహుమానం ఇవ్వలేదు.

కింద, గడ్డి అయిపోయే చోట, రగ్బీ ఆటగాళ్లు వరసగా నిలబడతారు. పడి వచ్చేవాళ్లని ఒడిసి పట్టుకోవడమే వాళ్ల పని. ఒక్కొక్కడు మన అరుగంత ఉన్నాడు.

"అదీ జాగ్రత్తే కదా, నాన్నగారూ" అన్నాడు మావాడు. అది 131.

ఆ రాత్రి ఈ కథంతా మా ఆవిడకి ఫోన్లో చెప్పబోయాను. మా అత్తగారికి ఒంట్లో బాగోక తను కాకినాడలోనే ఉండిపోయింది. నా ఖర్మకొద్దీ, తెలుగులో చెబుదామని చీజ్‌ని 'జున్ను' అన్నాను. నిఘంటువులో అలాగే ఉంటుంది, కావాలంటే చూసుకోండి.

"జున్ను కొండమీంచి దొర్లిస్తారా?"

"ఆఁ."

"విరిగిపోదుటండీ?"

"ఇది గట్టిది లేవే."

కాసేపు ఆలోచించింది. "ఎవరి గేదె ఈనింది?"

ఆ ప్రశ్న అడిగినందుకు నేను నవ్వలేదు. అసలు అడగాల్సింది అదే. జున్ను అంటే ముందు గేదె ఈనాలి. నా చిన్నప్పుడు మా వీధిలో పాడి ఉన్నది రంగమ్మగారికే. మొదటిరోజు పాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి. వాటిలో మామూలు పాలు సమానంగానో ఇంకాస్త ఎక్కువగానో కలపాలి, లేకపోతే జున్ను రబ్బరులా సాగుతుంది. రెండోరోజు పాలకి అంత అక్కర్లేదు. మూడోరోజు పాలు దేవుడి దయ. ఒక ఏడు రంగమ్మగారు మూడోరోజు పాలు పంపి, రెండోరోజువని చెప్పింది. మా అమ్మ నమ్మి, బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద పెట్టింది. అరగంటకి మూత తీసి చూస్తే పాయసం. ఉగాది దాకా అమ్మకీ రంగమ్మగారికీ మాటల్లేవు. ఆ తర్వాత గేదె మళ్లీ కట్టిందని తెలిసింది. అమ్మ పంతం పక్కనపెట్టింది. నెలలు లెక్కపెట్టుకుంటూ మొదట గోంగూర పచ్చడి, తర్వాత నిమ్మకాయ, నెలలు నిండే వేళకి ఆవకాయ, కొత్త జాడీలోది, పంపింది. (లెక్కలు నాకు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఈపాటికి తెలిసే ఉంటుంది.) గేదె ఈనిన పూటే మొదటి పాలు మా ఇంటికి గిన్నెతో వచ్చాయి. ఆ జున్ను కోసం నేనూ మా తమ్ముడూ పడ్డ పోటీలో విరిగింది మూత మీది పిడి ఒక్కటే. ఈ ఇంగ్లీషువాళ్లకి రంగమ్మగారు తెలియక కొండెక్కారు గానీ...

చీజ్ దగ్గరికొద్దాం. కోడలు దుకాణం నుంచి ఒక ముక్క తెచ్చింది. ఆ రంగు కోసం జాఫ్రా గింజలు వాడతారట. చూడటానికి మామిడి తాండ్ర, నోట్లో పెడితే ఉప్పు. దీనికోసం మెడలు పణంగా పెడతారా అంటే, పెడతారు. క్రిస్ ఆండర్సన్ అని బ్రాక్‌వర్త్‌వాడే, 23 చీజులు గెలిచాడు. ఆయనకి ఈ చీజ్ అంత ఇష్టం లేదట, చెడ్డార్ నచ్చుతుందట! 2023లో కెనడా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మధ్యలోనే స్పృహ తప్పి, ఆ స్పృహ తప్పిన ఒంటితోనే అందరికన్నా ముందు కిందికి చేరింది. గెలిచిన సంగతి వైద్యుల డేరాలో కళ్లు తెరిచాక తెలిసింది.

ఆపాలని చూడలేదా అంటే చూశారు. 1826 నాటి ఒక ఉత్తరంలోనే దీని ప్రస్తావన ఉంది, అప్పటికే పాత ఆచారమట. యుద్ధకాలంలో చీజ్‌కి రేషన్ వస్తే చెక్కచక్రం చేసి, అందులో చిన్న చీజ్ ముక్క పెట్టి దొర్లించారు. రేషన్ పోయేదాకా, 1954 వరకు, అంతే. 1997లో 33 మంది దెబ్బలు తిన్నారు. 2009లో పదిహేను వేలమంది వచ్చిపడేసరికి ఆ మరుసటి ఏడు అధికారికంగా రద్దుచేశారు. అప్పట్నుంచి నడిపే కమిటీ అంటూ లేదు. కోవిడ్ రెండేళ్లు తప్ప పందెం మాత్రం ఆగలేదు. 2013లో చీజ్ తయారుచేసే 86 ఏళ్ల పెద్దావిడ దగ్గరికి పోలీసులు వెళ్లి, నువ్విచ్చిన చీజ్ వల్ల ఎవరికేమైనా అయితే పూచీ నీదే అన్నారు. ఆ ఏడు దూదిలాంటి ఫోమ్ చక్రాన్ని దొర్లించారు. ఎనభయ్యారేళ్ల మనిషికి కూడా చివరికి దొరికింది ఆ మాటే: జాగ్రత్త.

ఆరోజు కొండ కింద, మొదటి పందెం అవగానే, "వీళ్లకి పిచ్చిరా" అన్నాను మావాడితో.

"దేవరగట్టు మాటేమిటి?" అన్నాడు.

నోరు మూసుకున్నాను. మన కర్నూలు జిల్లాలో ఏటా దసరా రాత్రి కర్రలతో తలలు పగలగొట్టుకుంటారు, ఏటా పోలీసులు వద్దంటారు, ఏటా జరుగుతుంది. అక్కడ దేవుడున్నాడు, ఇక్కడ ఉప్పటి చీజ్ ఉంది అని వాదించొచ్చు. కానీ అప్పటికి రెండో పందెం మొదలైంది.

ఒక సంగతి ఇందాకట్నుంచి దాటేస్తున్నాను. నిరుడు శ్రావణంలో నేను బాత్‌రూములో పడ్డాను. ఆదివారం సాయంత్రం, మా ఆవిడ గుడికి వెళ్లింది. లేవబోతే నడుం లేవలేదు. బకెట్టు పక్కన, తడినేల మీద నలభై నిమిషాలు. ఆరున్నరకి హాల్లో ఫోను మోగింది. ఆ వేళకి ఫోన్ చేసేది మావాడే. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. పదకొండుసార్లు మోగింది, లెక్కపెట్టాను, చెయ్యడానికి వేరే పనేం లేదు. ఎముకలేవీ విరగలేదు. అవతల మావాడు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

రెండో పందెంలో ఒక పొడుగాటి అమ్మాయి బంతిలా వచ్చి రగ్బీవాడి గుండెకి తగిలింది. అతను వెనక్కి రెండడుగులు వేసి, నిలదొక్కుకుని, ఆ పిల్లని నేలమీద నిలబెట్టి, జుట్టులో గడ్డిపరక తీసేశాడు. నేను అటే చూస్తూ ఉండిపోయాను. పక్కన మావాడు కుడిచేత్తో వీడియో తీస్తున్నాడు. ఎడంచెయ్యి నా మోచేతి మీద ఉంది. ఎప్పట్నుంచి ఉందో నేను గమనించలేదు.

తిరుగుదారి వేరు. కొండ పక్కనుంచి చెట్లలో కాలిబాట, ముందురోజు వానకి చిత్తడిగా ఉంది. "మెల్లగా, నాన్నగారూ. ఇక్కడ జారుతుంది. ఇదిగో, ఇలా నేను పెట్టినచోటే కాలు..." అని చూపిస్తూ మావాడు జారి, వెల్లకిలా పడి, రెండు గజాలు బురదలో సాగి, ఒక కంప దగ్గర ఆగాడు. ఫోను మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు. కిందికి నడిచి వెళ్లి చెయ్యి అందించాను. లేచాడు. నేనేమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత అవస్థపడ్డానో ఆ అన్నవరం దేవుడికే తెలుసు.

కారెక్కాక అన్నాను.