తేడా కనపడే మనిషి

అమలాపురం గడియారస్తంభం చుట్టుపక్కల డిజైనింగ్ కొట్లలో ఇలాంటాయన ఒకాయన ఉండి తీరతాడు. శుభలేఖల దగ్గర్నుంచి ప్రభల తీర్థం ఫ్లెక్సీల దాకా అన్నీ చేస్తాడు. ఈమధ్య బండారులంక చీరలమ్మేవాళ్లకి వెబ్‌సైట్లు కూడా. పని బాగా చేస్తాడు, కానీ పూర్తి చెయ్యడు. ఆయనకి రంగుల్లో తేడా కనపడుతుంది, అదీ జబ్బు.

పెళ్లిభోజనాల్లో అందరూ పనసపొట్టు కూర మారు అడుగుతుంటే, ఈయన విస్తరి వదిలేసి ఎదురుగా ఉన్న ఫ్లెక్సీకేసి చూస్తుంటాడు. పెళ్లికూతురి ఫొటో వెనక గులాబీ, చుట్టూ ఉన్న గులాబీ ఒకటి కాదట. ఎవరన్నా పని మీద వస్తే పేరు తర్వాత, ముందు "తమరు ఏ బ్రౌజరండీ?"

ఓసారి ఓ చీరల షావుకారి వెబ్‌సైట్లో నెమలికంఠం చీర ఫొటో పెట్టి, పేజీకి కూడా ఆ రంగే వేశాడు. రంగు నంబరు ఫొటోలోంచి తీసిందే. తన కంప్యూటర్లో చీర ఎక్కడైపోయిందో, పేజీ ఎక్కడ మొదలైందో తెలీలేదు. షావుకారు గారబ్బాయి ఖరీదైన ల్యాప్‌టాప్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే ఫొటో చుట్టూ నలుచదరంగా గీత తేలింది. పేజీ కళ్లు చెదిరే నెమలి, ఫొటో కాస్త నెమ్మదైన నెమలి.

"బానే ఉంది కదయ్యా?" అన్నాడు షావుకారు.

"బాగుండటం వేరండి, ఒకటవటం వేరండి. ఫొటోకి ప్రొఫైలని ఓ చీటీ ఉంటదండి. బ్రౌజరు అది చదివి, ఈ తెరకి ఇంత రంగు చాలని దిద్దుద్దండి. పేజీ రంగుకి చీటీ లేదండి, ఈ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నదున్నట్టు తెర మీద పడిపోద్ది. తెర జోరుగా ఉంటే రంగూ జోరే, ఆయ్."

అక్కడితో ఆగితే ఆయనెందుకవుతాడు? 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే కొలత పెట్టడం, చీటీ లేని రంగుల్ని ఆ లెక్కనే చూడమనడం, 2008లో ఫైర్‌ఫాక్స్ 3కి దిద్దే విద్య వచ్చినా దాన్ని ఆపేసి ఉంచడం, మరుసటేడు 3.5లో చీటీ ఉన్న బొమ్మలకి మాత్రం తెరిచి పేజీ రంగుల జోలికి పోకపోవడం, అన్నీ చెప్పాడు. మధ్యలో షావుకారు ఇద్దరికి చీరలమ్మి వచ్చాడు.

నిజానికి ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. "ఫొటోలో ఒక రంగు, పంపింది ఇంకో రంగు" అని కొన్నవాళ్లు తిట్టేది పాపం నేతగాణ్ణి కదా. పేజీ రంగుని కూడా బొమ్మగానే చేసి, దానికీ అదే చీటీ తగిలిస్తే గొడవ ఉండదని ఆయనకీ తెలుసు. చేశాడు కూడా. ఈసారి పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోందని షావుకారు గోల.

"రెండు రంగులు కలవకపోతే మధ్యలో జరీ గీత ఒకటి లాగవయ్యా, పీడా పోద్ది" అన్నాడు చివరికి షావుకారు. డిజైనరు గారికి పౌరుషం వచ్చి రెండ్రోజులు ఫోనెత్తలేదు. మూడోనాడు ఆయనే చేశాడు.

"గీత లాగేనండి, బెమ్మాండంగా కుదిరింది. కాకపోతే చీర మీద జరీకీ, ఈ జరీకీ..."

షావుకారు ఫోను పెట్టేశాడు.